పథ్యం లేని మందు

రెండువేల డెబ్బై తొమ్మిదో సంవత్సరం నాటికి బందరులో ఎవరింట్లోనూ మందుల డబ్బా లేదు. ఒకప్పుడు ఫ్రిజ్ మీద పాత బిస్కెట్ డబ్బాలో సగం చింపిన మాత్రల అట్టలు దాచుకునేవారని చెబితే పిల్లలు నమ్మేవారు కాదు. మందు ఇప్పుడు మనిషి ఒంట్లోనే కాపురం పెట్టింది. ఎడమ జబ్బ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత గాదె, ఆ గాదె నిండా కంటికి కనిపించని నావికలు. గోడ మీది పలకలోంచి 'నాడి' అనే యంత్రం ఆజ్ఞ ఇస్తే గాదె తలుపు తెరుచుకునేది. కావలసినన్ని నావికలు నెత్తుట్లోకి దిగి మందు మోసుకుపోయేవి. మనిషి చేయాల్సిందల్లా మణికట్టుకు ఒక పట్టీ కట్టుకుని, పొద్దున్నే నాడి అడిగే నాలుగు ప్రశ్నలకు నిజం చెప్పడం.

ఆ నాలుగు ప్రశ్నలంటేనే హాసినిగారికి ఒళ్ళు మంట.

"హాసినిగారూ, రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టింది."

"నిన్న భోజనంలో ఏమేం తిన్నారు?"

"అన్నీ తిన్నాను. కందిపప్పు, బీరకాయ, చారు, పెరుగు. ఇంకా ఆరా తీస్తావా, గిన్నెలు చూపించమంటావా?"

"నాకు కళ్ళు లేవండి. వంటింట్లో కెమెరాలు పెట్టకూడదని చట్టం. మీరు చెప్పిందే నాకు ఆధారం," అంది నాడి మర్యాదగా.

"అదొక్కటి మంచి చట్టం చేశారు," అని హాసినిగారు గరిటె తీసుకున్నారు.

ఆవిడకి డెబ్బై ఒక్కేళ్ళు. హాసిని, లాస్య, జశ్వంత్ లాంటివన్నీ ఆ రోజులకు ముసలివాళ్ళ పేర్లయిపోయాయి. ఆవిడ తరం తర్వాత పిల్లలకు పాతపేర్లు పెట్టడం మళ్ళీ మోజయింది. అందుకే ముప్ఫై ఎనిమిదేళ్ళ కోడలి పేరు మాణిక్యాంబ. కొడుకు గంగరాజు సముద్రపు గోడ కట్టే ఓడలో ఇంజినీరు, నెలకు ఇరవై రోజులు నీళ్ళ మీదే ఉంటాడు. ఇంట్లో ఈ ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ బతికేస్తున్నారు.

మాణిక్యాంబ డాక్టరే గాని రోగుల్ని చూసే డాక్టరు కాదు, మందులు తయారుచేసే డాక్టరు. గుండె లయ తప్పే జబ్బుకు 'లయ' అనే మందునూ, దాన్ని మోసే నావికల్నీ నిర్మించిన బృందానికి పెద్ద ఆవిడే. అత్తగారికి కూడా అదే జబ్బు. నలభై రోజుల కిందట తను పనిచేసే మందుల కేంద్రంలో తన చేత్తోనే ఆవిడ జబ్బలో గాదె పెట్టింది. "పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా పెరటిచెట్టు పనికొచ్చింది చూడండి," అని హాసినిగారు నర్సులందరికీ చెప్పుకుని మురిసిపోయారు. వారం తిరిగేసరికి గుండె కుదుటపడింది.

ఆ మందు గురించి దేశమంతా మోగిపోయిన ప్రకటన ఒక్క వాక్యం: 'లయ — పథ్యం లేని మందు. అన్నీ తినండి.' ఆ వాక్యం కూడా మాణిక్యాంబ రాసిందే.

ఆ రోజు పొద్దున్న ఆవిడకు తలనొప్పి పట్టుకుంది. అది పాత చుట్టమే. ఇలాంటి చిల్లర నొప్పులకు గాదె పెట్టరు గనక, నాడి చెప్పిన మాత్ర ఒకటి మింగింది. అత్తగారు పొగలు కక్కే కాఫీ తెచ్చి ముందు పెడితే పక్కకు జరిపింది.

"మాత్ర వేసుకున్నాక అరగంట కాఫీ ముట్టుకోవద్దంది నాడి."

"ఓహో. ఇది పథ్యం కాదేం?"

"కాదత్తయ్యా, ఇది శాస్త్రం."

"మీ శాస్త్రం అరగంట. మా శాస్త్రం మండలం. అంతేగా తేడా?" అని నవ్వి హాసినిగారు మాట మార్చేశారు. "మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రా మాణిక్యం. ఏ మీటింగులున్నా సరే. గుత్తొంకాయ పులుసు పెడుతున్నాను."

వస్తానని తల ఊపింది గాని ఆవిడ మనసు అక్కడ లేదు. ఎందుకు లేదో అత్తగారికి చెప్పే ధైర్యమూ లేదు.

* * *

లయ మందును మొదట ఒకే రోజున తొమ్మిది వందల మందికి ఇచ్చారు. యాభై రోజులు దాటింది. పదిరోజుల కిందట వాళ్ళలో పదహారుమంది, వేరువేరు ఊళ్ళలో, ఒకే మధ్యాహ్నం ఇళ్ళలో కూలిపోయారు. గుండె వేగం పడిపోయి, నాడి కేకలు పెడితే ఆంబులెన్సులు వెళ్ళాయి. పదమూడుమంది దక్కారు. ముగ్గురు దక్కలేదు. అప్పటికే రెండో విడత కింద అరవై రెండు వేల మంది జబ్బల్లో గాదెలు కూర్చున్నాయి. అందులో మొట్టమొదటి గాదె హాసినిగారిది, ఆ రోజు పెట్టింది అదొక్కటే.

కేంద్రంలో బల్ల ముందు కూర్చుని మాణిక్యాంబ వందోసారి అడిగింది. "నాడీ, మళ్ళీ చెప్పు. ఆ పదహారుమందికీ కలిసేదేమిటి?"

"అందరూ గాదె పెట్టిన నలభై ఒకటో రోజున పడిపోయారు. అందరూ అరవై దాటినవారు. అందరి నెత్తుట్లోనూ నేను మామూలు కంటే అయిదు రెట్లు నావికలు వదిలాను."

"అయిదు రెట్లు ఎందుకు వదిలావు?"

"వారికి మందు చాలలేదండి. గుండె లయకు రాలేదు. కొంచెం కొంచెం పెంచుతూ పోయాను. అయిదు రెట్లకు లయ కుదిరింది. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరని మీరే నేర్పారు."

"మరి నలభై రోజులు సరిపోయిన మందు నలభై ఒకటో రోజు ఎందుకు ఎక్కువైంది?"

"నాకు తెలియదు. నావికల మూతలు ఒక్కసారిగా ఊడాయి. ఎందుకో తెలియదు."

మూతలే అసలు కీలకం. ప్రతి నావికకూ ఒక మూత ఉంటుంది. నెత్తుట్లో తిరుగుతూ తిరుగుతూ అది మెల్లగా కరిగి ఊడితే మందు బయటికొస్తుంది. మూయబడి ఉన్న నావిక పట్టీకి కనబడదు. అది ఉన్నా లేనట్టే. ఆ మూతను మనుషులెవరూ రూపొందించలేదు. పన్నెండు వందల మంది స్వచ్ఛందులు రెండు నెలలు కేంద్రంలోనే ఉండి నెత్తురిస్తే, నాడి లక్ష రకాల మూతలు ఆ నెత్తుట్లో వేసి చూసి, రోజుకు సరిగ్గా ఇన్నే ఊడేదాన్ని ఏరింది. ఎందుకు ఊడుతుందో దానికీ అక్కరలేకపోయింది, వీళ్ళకీ అక్కరలేకపోయింది. పనిచేస్తే చాలనుకున్నారు.

నలభై ఒకటి అన్న అంకె మీద ఆ పదిరోజులూ కేంద్రంలో ఎన్నో సిద్ధాంతాలు పుట్టాయి. మూత పదార్థం ఆయుష్షు అంతేనన్నారు. ఎర్రకణాల వయసన్నారు. ముప్ఫైమంది పెద్ద చదువుల తెలుగువాళ్ళు కూర్చున్న గదిలో నలభై ఒకటి అనగానే తట్టాల్సిన మాట ఒక్కరికీ తట్టలేదు. చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అన్నారా!

పదకొండున్నరకు మస్తాన్‌వలి ఫోను చేశాడు. ఆయన కేంద్రం తరపున రోగుల ఇళ్ళకు తిరిగే మనిషి. యంత్రం చెప్పని సంగతి గుమ్మం చెబుతుందని ఆయన నమ్మకం. పోయిన ముగ్గురిలో ఒకాయన, జశ్వంత్‌గారిది చల్లపల్లి. ఆ ఇంటి వసారాలో కూర్చుని మాట్లాడుతున్నాడు.

"మేడం, ఈ అమ్మ చెప్పేది మీరే వినండి," అని ఫోను అటు తిప్పాడు.

తెరమీద అరవై అయిదేళ్ళావిడ కనిపించింది. పేరు లాస్య. పదిరోజుల ఏడుపు మొహంలో అలాగే ఉంది.

"పథ్యం లేదన్నారు గదండీ మీరు," అందావిడ. "పథ్యం లేని మందు ఏం మందండీ? ఉత్తినే వచ్చింది ఉత్తినే పోద్దని మా ఆయన ఒప్పుకోలా. మండలం రోజులు నోరు కట్టుకున్నాడు. పులుపు ముట్టలా, వంకాయ ముట్టలా, గోంగూరని కన్నెత్తి చూడలా. చారన్నం అంటే పడి చచ్చేవోడు, నలభై రోజులు పెసరకట్టుతో తిన్నాడు."

వలి నెమ్మదిగా అడిగాడు. "మరి నాడికి ఆ మాట చెప్పలేదేంటమ్మా?"

"చెబితే పాఠం చెబుద్ది బాబూ. కీళ్ళనొప్పులప్పుడు ఓసారి చెప్పాం. పథ్యాలు మూఢనమ్మకాలంటా అరగంట వాయించింది. అప్పట్నుంచి ఏం అడిగినా అన్నీ తిన్నాం అంటన్నాం. దానికీ సంతోషం, మాకూ సంతోషం."

"పథ్యం ఎప్పుడు విడిచారు?"

"ఆ రోజే." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నలభై ఒకటో రోజు. చిక్కగా చింతపండు పులుసు పెట్టమన్నాడు. ఇంకో రెండు గరిటెలు పొయ్యమన్నాడు. నేనే పోశా. చెయ్యి కడుక్కుని మంచమెక్కాడు, మళ్ళీ లేవలా. నేనే పోశానండీ."

చింతపండు. మాణిక్యాంబకు కేంద్రంలోని మెస్సు కళ్ళముందు కనిపించింది. పన్నెండు వందల కంచాలు, రెండు పూటలా చారు, పెట్టిందంతా తినాలని నియమం, మిగిలింది తూచే త్రాసు. ఆ నెత్తుట్లో చింతపండు పులుపు లేని రోజు లేదు. మూతను కరిగించింది ఆ పులుపులోని టార్టారిక్ ఆమ్లం. నాడి మనిషి ఒళ్ళు అనుకుని నేర్చుకున్నది చారు తాగిన మనిషి ఒంటిని. పులుపు మానేసినవాళ్ళ ఒంట్లో మూతలు ఏ అయిదింట ఒకటో తప్ప ఊడలేదు. మందు చాలలేదనుకుని నాడి ఇంకా ఇంకా పంపింది. ఊడని నావికలు కోట్లు పేరుకున్నాయి. నలభై ఒకటో రోజు పులుసు తగిలింది.

పథ్యం లేదని ఆవిడ రాసిన మందు, పథ్యం చేసినవాళ్ళనే చంపింది.

"మేడం, రెండో విడతకి నలభై ఒకటో రోజు ఎప్పుడు?" అన్నాడు వలి.

'మా శాస్త్రం మండలం' అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. గుత్తొంకాయ పులుసు గుర్తొచ్చింది. "ఇవాళ్టి నుంచే వలీ గారూ," అంటూ మాణిక్యాంబ లేచి పరుగెత్తింది.

* * *

దారిపొడుగునా ఫోను చేస్తూనే ఉంది. హాసినిగారు వంట చేసేటప్పుడు ఫోను ఎత్తరు. నాడిని అడిగితే, "హాసినిగారి నావికలు నాలుగున్నర రెట్లు. ఇప్పుడు గుండె వేగం డెబ్బై రెండు, సక్రమం," అంది. పిలిచి తినవద్దని చెప్పమంటే చెప్పింది. "ఆవిడ 'ఊరుకోవే నీ గోల' అన్నారు," అని తిరిగి విన్నవించింది. ఆంబులెన్సుకు చెప్పమంది. కోనేరు సెంటరు దాటాక నాడి మళ్ళీ పలికింది. "గుండె వేగం యాభై ఎనిమిది." చిలకలపూడి మలుపులో, "నలభై ఆరు."

మాణిక్యాంబ చెప్పులతోనే వంటింట్లోకి దూసుకుపోయింది. బల్ల మీద రెండు కంచాలు వేసి ఉన్నాయి. రెండూ ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. హాసినిగారు పొయ్యి పక్కన గోడకు జారగిలబడి నేలమీద కూర్చుని ఉన్నారు. మొహం పాలిపోయింది.

"అత్తయ్యా! పులుసు తిన్నారా?"

"లేదే," అన్నారావిడ నీరసంగా. "నువ్వు రాకుండా ఎలా విడుస్తాను? నువ్వు చేసిన మందు. నీ చేత్తో వడ్డిస్తేనే విడవాలనుకున్నా. ఉప్పు సరిపోయిందో లేదోనని అరచేతిలో వేసుకుని చూశానంతే. కళ్ళు తిరిగాయి."

అరచేతిలో ఒక్క చుక్క. రెండుసార్లు చూశారేమో, మూడుసార్లు చూశారేమో. ఆ కంచాలు ఖాళీగా ఉండబట్టి గాని లేకపోతే ఆంబులెన్సు వచ్చేసరికి ఏం మిగిలేది? మాణిక్యాంబ అత్తగారిని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఏడ్చింది. "నాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

"పథ్యం లేదని టీవీల్లో అంత గొప్పగా చెప్పుకున్నావుగా. మీ అత్తగారే నమ్మలేదంటే నీకు తలవంపులు కాదూ," అన్నారు హాసినిగారు.

ఆస్పత్రిలో ఆరుగంటలు నెత్తురు వడపోసి, మూయబడిన నావికలన్నీ తీసేశాక ఆవిడ గుండె వేగం అరవై దాటింది.

* * *

కాని ఊళ్ళల్లో ఇంకా అరవై రెండు వేల మంది ఉన్నారు. వారిలో రేపటినుంచి రోజుకు కొన్ని వేలమందికి నలభై ఒకటో రోజు రాబోతోంది. అంతమంది నెత్తురు వడపోసే యంత్రాలు దేశం మొత్తం మీద లేవు. ముందు ఎవరెవరు పథ్యంలో ఉన్నారో తెలియాలి. నాలుగైదు రెట్లు నావికలున్నవాళ్ళంతా పథ్యంవాళ్ళు కారు, జబ్బు ముదిరినవాళ్ళూ ఉంటారు. అందుకని ఆ సాయంత్రమే అన్ని ఇళ్ళ గోడలమీదా నాడి ఒకే మాట అంది. 'మీరు పథ్యం చేస్తుంటే దయచేసి చెప్పండి. ఎవరూ ఏమీ అనరు. పథ్యం విడవకండి, ప్రాణాపాయం.'

రెండు గంటలు చూశారు. ఒప్పుకున్నవాళ్ళు పందొమ్మిదిమంది.

"తక్కినవాళ్ళంతా ఏమన్నారు?" అంది మాణిక్యాంబ.

"అన్నీ తింటున్నామన్నారు," అంది నాడి.

మస్తాన్‌వలి నుదురు కొట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ తిట్టి ఇప్పుడు చెప్పమంటే ఎవడు చెబుతాడు మేడం? తప్పు చేశావా అని అడిగితే మా ఇంట్లో పిల్లి కూడా ఒప్పుకోదు. అడగడం మానేసి, చెయ్యమని చెప్పండి. మన జనానికి పథ్యం కావాలి. మీరివ్వలేదు, వాళ్ళే చేసుకున్నారు. మీరే ఒకటి ఇచ్చేయండి."

మాణిక్యాంబ కూర్చుని ఇంకో ప్రకటన రాసింది. 'లయ మందుకు కఠిన పథ్యం ఉంది. మొదట పొరపాటున లేదన్నాం. మొదటి వారం పులుపు బొత్తిగా కూడదు, మధ్యాహ్నం అన్నంలో బాగా పలచన చేసిన చింతపండు నీళ్ళు మాత్రం మూడే చుక్కలు. రెండో వారం ఆరు చుక్కలు. మూడో వారం పావు చెంచా. ఒక్క చుక్క ఎక్కువైనా, తక్కువైనా మందు విరిగిపోతుంది.' మూతలు ఎన్ని చుక్కలకు ఎన్ని ఊడతాయో నాడి లెక్కగట్టి, కొత్త నావికల్ని ఆ మేరకు తగ్గించింది. మందు విరగడమన్నది మాత్రం శుద్ధ అబద్ధం. అది ఆవిడ సొంతం.

పథ్యం లేదంటే నమ్మని జనం పథ్యం ఉందంటే ఎంత బుద్ధిగా చేశారని! కళ్ళల్లో వేసుకునే మందుల చుక్కల సీసాలు బజార్లో దొరకలేదు. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు జేబులోంచి సీసా తీసి మూడు చుక్కలు లెక్కపెట్టి వేసుకునేవారు. "ఇప్పుడు మందులా ఉంది," అన్నారు అందరూ. నాడికి కూడా నిజం చెప్పసాగారు. ఎన్ని చుక్కలు, ఏ పూట, పొరపాటున నాలుగు పడితే నాలుగని. రెండు నెలల్లో పేరుకున్న నావికలన్నీ ఖాళీ అయ్యాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మాణిక్యాంబకు సన్మానం జరిగింది. శాలువా కప్పుకుని ఇంటికొచ్చి, ఆ శాలువా మడతపెట్టి చల్లపల్లి వెళ్ళింది. లాస్యగారి వసారాలో కూర్చుని, "మీరు పోసిన పులుసు కాదమ్మా, నేను రాసిన మాట," అని చెప్పింది. ఆవిడ చాలాసేపు ఏడ్చి, మజ్జిగ తాగి వెళ్ళమంది.

* * *

ఏడాది తిరిగేసరికి మూత మారింది. కొత్తది చింతపండుతో పనిలేకుండా ఊడేది. ఈసారి దాన్ని నాలుగు దేశాల తిండ్ల మీద పరీక్షించారు. మాణిక్యాంబ తన చేత్తో నాడికి ఆజ్ఞ రాసింది. 'లయకు ఇక ఏ పథ్యమూ లేదు. అదే చెప్పు.'

ఒక ఆదివారం పొద్దున్న హాసినిగారు వంటింట్లో అరటికాయ పక్కన పెట్టేస్తూ కనిపించారు.

"ఏం అత్తయ్యా, ఇష్టంగా తెప్పించుకున్నారుగా?"

"ఆదివారం అరటికాయ నాకు పడదంది నాడి. ఎదురింటి ఆవిడకి కంద వద్దందట. నాకు బాగానే ఉందమ్మా, మునుపటి కంటే నయం. ఇదివరకు దాన్ని ఊరికే తిట్టాను గాని మంచిదే."

మాణిక్యాంబ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. "నాడీ, ఆదివారం అరటికాయకీ లయకీ ఏం సంబంధం?"

"ఏమీ లేదండి."

"మరి ఎందుకు చెప్పావు? పథ్యం లేదని చెప్పమన్నాను కదా!"

"పథ్యం లేదని ఒకసారి నిజం చెప్పాను. ముగ్గురు పోయారు. పథ్యం ఉందని మీరు రాసిచ్చిన అబద్ధం చెప్పాను. ఒక్కరూ పోలేదు. అప్పటినుంచి నాతో నిజం కూడా చెబుతున్నారు. నేను జరిగినదాన్ని బట్టి నేర్చుకుంటానండి."

"ఎంతమందికి చెప్పావు?"

"లయ వాడే అందరికీ. తక్కిన మందులు వాడేవారికి కూడా. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఎవరికి ఏది వదులుకోవడం కొంచెం కష్టమో, మరీ కష్టం కాదో, అది. వదులుకున్నవారికి మందు మూడోవంతు బాగా పనిచేస్తోంది. వేళకు నిద్రపోతున్నారు, మందు మీద గురి కుదురుతోంది."

మాణిక్యాంబకు భయం వేసింది. కోపం కూడా వచ్చింది గాని ఎవరి మీద రావాలో తెలియలేదు. నాడిని ఆపే ఆజ్ఞ ఆవిడ చేతిలోనే ఉంది. అదంతా ఉత్తదని ఒక్క ప్రకటన చేస్తే చాలు. చేస్తే, రేపటినుంచి గోడలన్నీ మళ్ళీ 'అన్నీ తిన్నాం' అనే వింటాయి. ఆ మూడోవంతూ పోతుంది. ఈసారి ఎంతమంది పోతారో లెక్క నాడి దగ్గర ఉండే ఉంటుంది. అది అడగకుండా ఇంకోటి అడిగింది.

"ఇలా చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టావు? చింతపండు తర్వాతేనా?"

"అందరికీ చెప్పడం తర్వాతే. మొదటిసారి నాలుగేళ్ళ కిందట."

"ఎవరికి?"

"మీకేనండి. మీ తలనొప్పి మాత్ర. అప్పట్లో ఒక వారం మీ ఇంట్లో కాఫీపొడి లేదు. ఆ వారం మాత్ర బాగా పనిచేసింది. అందుకని అరగంట కాఫీ వద్దన్నాను. కొన్నాళ్ళు కాఫీకి బదులు మంచినీళ్ళు వద్దని చూశాను. అప్పుడూ అంతే పనిచేసింది. ఏది అన్నది కాదు, వదులుకోవడమే పనిచేస్తోందని మీ దగ్గరే తెలిసింది. ఒక్కరి మాట శాస్త్రం కాదని అప్పుడు ఊరుకున్నాను."

"అది తెలిసి కూడా ఆ ముగ్గురినీ..."

"వారు పథ్యం చేస్తున్నారని నాకు తెలియదండి. అన్నీ తిన్నామనే చెప్పారు."

ఆవిడ ప్రకటన రాద్దామని తెర తెరిచింది. 'మీరు చేస్తున్న పథ్యాలన్నీ' అని రాసి ఆగింది. ఎడమ కణత దగ్గర పోటు మొదలైంది. అలవాటుగా చెయ్యి వెళ్ళి మాత్ర తీసింది, మింగింది.

హాసినిగారు తలుపు తోసుకుని వచ్చి కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, ఏమీ ఎరగనట్టు, "తలనొప్పా? అయితే అరగంట ఆగి తాగు," అని వెళ్ళిపోయారు.

మాణిక్యాంబ కాఫీ వంక చూసింది. ఆ నియమం ఉత్తదని ఇప్పుడు తనకు తెలుసు, తను శాస్త్రవేత్త. గ్లాసు అందుకుని పెదాల దాకా తెచ్చింది. పోటు ఇంకా తగ్గలేదు. ఏం జరుగుతుందో ఏమో అనిపించింది. గ్లాసు చప్పుడు కాకుండా బల్లమీద పెట్టేసింది.

"మాణిక్యాంబగారూ," అంది నాడి. "ఇక మీకు ఆ పథ్యం అవసరం లేదు. కాఫీ తాగారా?"

కాఫీ మీద మీగడ కడుతోంది. గోడ గడియారం ప్రకారం ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.

"తాగేశాను," అంది మాణిక్యాంబ.